అప్పగించని లిఫ్టు

మా పెద్దమ్మ భర్తను పనిలో అందరూ తూకంరాయి అంటారు. లిఫ్టులో జనం ఎక్కే క్యాబిన్ ఒకవైపు వేలాడుతుంటే, దానికి సరిపడా బరువున్న ఇనుప దిమ్మెలు రెండోవైపు వేలాడుతుంటాయి. క్యాబిన్ పైకి పోతే దిమ్మెలు దిగుతాయి, అది దిగితే ఇవి లేస్తాయి. జనం క్యాబిన్‌లో అద్దం చూసుకుని జుట్టు సర్దుకుంటారు గానీ గోడ వెనక అంత బరువు తిరుగుతోందని వాళ్లకు తెలియదు. పెదనాన్న అలాంటి మనిషి కాబట్టే ఆ పేరు పెట్టామంటారు పనివాళ్లు. పొట్టిగా, బరువుగా ఉంటాడని పెట్టారంటుంది పెద్దమ్మ. ఆయన్ని అడిగితే, "పేరు పెట్టినందుకు జీతం కొయ్యలేదుగా, పోనీ" అనేవాడు.

మా నాన్న ఆయనకు తోడల్లుడు. అక్కాచెల్లెళ్లను చేసుకున్నారు, ఒకే కంపెనీలో ఒకే జతగా పనిచేశారు. పెళ్లి ముందా, జత ముందా అని ఎవరైనా వేళాకోళం చేస్తే పెద్దమ్మ చటుక్కున, "జతే ముందు. ఒకే బండి మీద పనికి పోవచ్చని మమ్మల్ని చేసుకున్నారు" అనేది.

జత అంటే ఊరికే కలిసి పనిచేయడం కాదు. వాళ్ల కంపెనీ చేతిలో పాత భవనాలే ఎక్కువ. ఆ పాత లిఫ్టులకు పని చేయాలంటే ఒకడు క్యాబిన్ నెత్తి మీదికి ఎక్కి నిలబడాలి, రెండోవాడు భవనం కొసన ఉన్న మోటారు గదిలో స్విచ్చు దగ్గర ఉండాలి. నెత్తి మీద ఉన్నవాడికి చుట్టూ చీకటి, గ్రీజు వాసన, చేతిలో టార్చి. మోటారు గదిలో ఉన్నవాడికి కిందివాడు కనబడడు. తాళ్లు దిగే కంతలోంచి గొంతు మాత్రం వినబడుతుంది. ఆ గొంతు 'పైకి' అంటే పైకి, 'ఆపు' అంటే ఆపు. పైవాడు ఒక్కసారి పరధ్యానంగా స్విచ్చు వేస్తే కిందివాడు గోడకూ ఇనుప దూలానికీ మధ్య నలిగిపోతాడు. ఎప్పుడూ పెదనాన్న కింద, నాన్న పైన. నాన్నకు చీకటంటే పడదు, పెదనాన్నకు మోటారు రొద పడదు. వాళ్ల మధ్య అంతకు మించిన ఒప్పందమేదీ జరగలేదు.

వాళ్ల పనిలో ఇంకో కట్టుబాటు ఉంది. మరమ్మతు అయ్యాక లిఫ్టును వెంటనే జనానికి వదలరు. ఖాళీ క్యాబిన్‌ను పైకీ కిందికీ తిప్పుతూ ఉంటారు. దాన్ని టెస్ట్ రన్ అంటారు. ఆ తిప్పడంలో తలుపు ఇరుక్కోవచ్చు, క్యాబిన్ అంతస్తుకు జానెడు కిందే ఆగిపోవచ్చు, ఫ్యూజు కొట్టెయ్యొచ్చు. భవనం వాళ్లు వచ్చి "ఏమైంది?" అని అడిగితే, నిన్న చేరినవాడైనా సరే "ఏం కాలేదు, తిప్పి చూస్తున్నాం" అంటాడు. అప్పగించేదాకా అది మన లిఫ్టు, దాని తప్పులు మన మధ్యే ఉండాలి. అప్పగించాక మాత్రం చిన్న తప్పు దాచినా వాడు మనిషి కాదు. ఇది ఎక్కడా రాసి లేదు. పనిలో చేరినప్పుడు పెద్దవాళ్లు చెబుతారు. మా నాన్నకు చెప్పింది పెదనాన్నే.

పెదనాన్నకు గుండెపోటు బస్సులో వచ్చింది. చెమటలు పోస్తుంటే కిటికీ తెరవమని ముందు సీటు మనిషిని అడిగాడట, అంతే. కోలుకుని మళ్లీ పనిలోకి వచ్చాడు కూడా. కానీ గుండె గోడలో కొంత కండ చచ్చిపోయి మచ్చ కట్టింది. కొన్నేళ్లకు ఆ మచ్చ దగ్గర గొడవ మొదలైంది. గుండె ఉన్నట్టుండి పరుగు అందుకునేది, కళ్లు బైర్లు కమ్మేవి. అది ప్రాణం తీసే పరుగని చెప్పి, ఛాతీలో మెడ ఎముక కింద ఒక చిన్న పెట్టె పెట్టారు. గుండె గతి తప్పితే ఆ పెట్టె లోపల్నుంచి షాకు కొట్టి దారిలో పెడుతుంది. షాకంటే చిటుక్కుమనేది కాదు. లోపలెవరో తలుపు పగలగొడుతున్నట్టు ఉంటుందని ఆయన అనేవాడు. ఒకసారి భోజనం చేస్తుండగా కొడితే కంచం ఎగిరి గోడకు తగిలింది. "కరెంటు నాతో పని చేయించుకుంది చాలక ఇంట్లోకొచ్చి కాపురం పెట్టింది" అని నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు.

పెట్టె సంగతి కంపెనీలో తెలిసినా, మనిషి బాగానే తిరుగుతున్నాడు కదా అని వదిలేశారు. నిజానికి అనుభవం ఉన్నవాళ్లు తక్కువ. ఆ ధైర్యం ఒక పాత ఆఫీసు భవనంలో తేలిపోయింది. పెదనాన్న క్యాబిన్ నెత్తి మీద ఉన్నాడు. "కొంచెం పైకి" అన్నాడు. నాన్న కొంచెం పైకి తెచ్చి ఆపాడు. తర్వాత గొంతు లేదు. 'పైకి' లేదు, 'ఆపు' లేదు. నాన్న పిలిచాడు, కేకలు పెట్టాడు. స్విచ్చు వేస్తే మనిషి నలుగుతాడేమో, వెయ్యకపోతే అక్కడే పోతాడేమో. చివరికి మెయిన్ తీసేసి మెట్ల మీదుగా పరిగెత్తి, తలుపు తెరిచి చూస్తే, పెదనాన్న తాళ్ల పక్కన బోర్లా పడి ఉన్నాడు. పెట్టె కొట్టింది, ఆగి మళ్లీ కొట్టింది, మళ్లీ కొట్టింది. ఒక చెయ్యి అంచు దాటి కిందికి వేలాడుతోంది.

ఆ తర్వాత నాన్న చాలాకాలం నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. ఇది నేను దాచను. చూసినవాణ్ణి.

ఆసుపత్రిలో గుండె డాక్టరమ్మ అంతకు ముందే రెండుసార్లు తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి, మచ్చ దగ్గర కాల్చి చూసింది. కుదరలేదు. మందులు గట్టిగా వాడితే వేరే చోట్ల దెబ్బతీశాయి. ఈసారి ఆమె కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. పెద్దమ్మ, నాన్న, నేను నిలబడి ఉన్నాం.

"చచ్చిన కండ మధ్యలో కొన్ని బతికిన పోగులు మిగిలాయండీ. కరెంటు సరైన దారిలో పోకుండా వాటిలోంచి దూరి, వెనక్కి తిరిగొచ్చి, మళ్లీ అదే దారిలో తిరుగుతోంది. దాంతో గుండె పరుగు పెడుతోంది" అంది.

పెదనాన్న లేచి కూర్చోబోయాడు. "తెలుసమ్మా. పాత ప్యానెల్లో తుప్పు పట్టిన వైరు పక్కదానికి అంటుకుంటుంది. ఎవరూ బటన్ నొక్కరు, లిఫ్టు మాత్రం ఒకటే తిరుగుడు. అదేగా?"

"అచ్చం అదే."

"మరి ఆ వైరు పీకెయ్యండి."

"పీకుదామనే రెండుసార్లు వెళ్లాం. అది గోడ లోతులో ఉంది, లోపల్నుంచి తీగ అందట్లేదు. అందుకే బయటి నుంచి కొడదామంటున్నాం. రేడియేషన్. కోత ఉండదు, మత్తు ఉండదు. కిరణాలు చాలా వైపుల నుంచి వచ్చి ఆ ఒక్క చోటే కలుస్తాయి."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కరెంటు పెట్టడమా? అది కేన్సర్ వాళ్లకి కదమ్మా?"

"మిషను అదేనండీ, జబ్బు వేరు. గుండెకి వాడటం కొత్త. చాలామందిలో షాకులు బాగా తగ్గాయి. అందరిలోనూ కాదు. పక్కనే ఊపిరితిత్తులుంటాయి, వాటికి వాపు రావచ్చు. పదేళ్ల తర్వాత ఏమవుతుందో మాకూ ఇంకా తెలీదు. తెలిసినట్టు చెబితే మోసం అవుతుంది."

ఆ చివరి మాట నాకు గుర్తుండిపోయింది. నేను పాత పుస్తకాల బండి దగ్గర కొన్న వైద్యం పుస్తకాల్లో కొంత చదివి, ఈమె అబద్ధం చెబితే పట్టుకుందామని సిద్ధంగా ఉన్నాను. ఆమె పట్టుకునే పని పెట్టలేదు.

పెదనాన్న అడిగింది ఒక్కటే. "మళ్లీ క్యాబిన్ నెత్తి ఎక్కుతానా?"

"ముందు బతకడం చూద్దామండీ."

"నేనూ దాని గురించే అడుగుతున్నానమ్మా."

"ముందు కొన్ని వారాలు అటూ ఇటూగా ఉంటుంది, వాటిని లెక్కలోకి తీసుకోం. ఆ తర్వాత నెలల తరబడి ఒక్క షాకూ లేకపోతే అప్పుడు మాట్లాడదాం. ఒంటరిగా మాత్రం ఎప్పటికీ వీల్లేదు. సంగతి తెలిసిన మనిషి పక్కన ఉండి తీరాలి."

నాన్న ముందుకొచ్చి మంచం కమ్మీ పట్టుకున్నాడు. "నేనున్నాగా అన్నయ్యా. నువ్వు లేచి రా చాలు. నెత్తి మీద నీ చోటు ఎవడికీ ఇవ్వను."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను.

చికిత్సకు ముందు ఆయనకు గుండె కరెంటును పసిగట్టే బిళ్లలు నిండా ఉన్న చొక్కా తొడిగి, కరెంటు ఎక్కడ దారి తప్పుతోందో బయటి నుంచే పటం గీశారు. స్కానింగులు తీశారు. పూసలు నింపిన సంచి మీద పడుకోబెట్టి గాలి లాగేస్తే అది ఆయన వీపు ఆకారంలో గట్టిపడింది. వీపుకి కూడా కొలతలు తీసే దర్జీ ఉంటాడని ఇప్పుడే తెలిసిందన్నాడు. అసలు రోజున ఛాతీలో పెట్టెను ఆ కాసేపు షాకు కొట్టకుండా ఆపి, పక్కన ఇద్దరు మనుషుల్ని సిద్ధంగా పెట్టుకున్నారు. ఆయన చేతులు తల పైకి పెట్టుకుని ఆ అచ్చులో పడుకున్నాడు. మిషను చెయ్యి చుట్టూ తిరిగింది. మేం బయట వరండాలో ఉన్నాం. టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.

"నొప్పేసిందా?" అని పెద్దమ్మ ఏడుపు గొంతుతో అడిగింది.

"ముక్కు దురద పెట్టింది. గోక్కోవద్దన్నారు. అదొక్కటే నరకం" అన్నాడు.

ఇంటికొచ్చాక వీధిలో వేరే కథ నడిచింది. కరెంటు పెట్టించుకున్నాడంటే కేన్సరేనని తేల్చేశారు. పక్కింటావిడ వచ్చి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండు వదినా, ఎంతకాలం అన్నారు?" అని అడిగింది. పెదనాన్న లోపలి గదిలోంచి, "వాళ్లాయన తీసుకెళ్లిన నిచ్చెన తిరిగిచ్చేదాకా ఉంటానని చెప్పు" అని అరిచాడు. నిచ్చెన సాయంత్రానికల్లా వచ్చేసింది.

ఈలోగా కంపెనీలో ఆయన చోటు ఖాళీగా ఉంది. నాన్న సూపర్‌వైజర్‌తో మాట్లాడి నన్ను తాత్కాలికంగా అందులో పెట్టించాడు. అప్పటిదాకా నేను ఒకచోట కుదురుగా పని చేసినవాణ్ణి కాదు. ప్రెస్సులో ఉన్నాను, గోదాములో ఉన్నాను, రెండుచోట్లా యజమానితో తగువు పెట్టుకుని బయటికొచ్చాను. "పెదనాన్న వచ్చేదాకా ఆయన చోటు నువ్వు కాచి పెట్టరా" అన్నాడు నాన్న. ఆ మాట నాకు నచ్చింది. వెళ్లి పెదనాన్నతో చెబితే ఆయన సంతోషించాడు. "కాచి పెట్టు. కానీ నా టార్చి జోలికి పోకు, దాని స్విచ్చుకి నా వేలు తప్ప పడదు" అన్నాడు.

రేడియేషన్ అయిన కొద్ది వారాలకు ఒక ఆదివారం నాన్న పెదనాన్న ఇంటికి వెళ్లాడు. పెద్దమ్మ బజారుకు పోయింది. ఇద్దరూ డాబా మీద కూర్చుని నీళ్ల పంపు మోటారు విప్పుతున్నారు. అప్పుడు పెట్టె కొట్టింది. ఒక్కసారి. పెదనాన్న చేతిలో స్పానరు ఎగిరి పడింది, ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నాన్న నీళ్లు తెచ్చాడు. తేరుకున్నాక ఆసుపత్రికి ఫోను చేస్తే, రమ్మని పెట్టె పరీక్ష చేశారు. ముందే చెప్పాం కదా, ఈ తొలి వారాలు లెక్కలోకి రావు, మచ్చ ఇంకా కుదురుకుంటోంది, భయపడకండి అన్నారు.

డాబా మీద పెదనాన్న నాన్నతో అన్న మాట ఇది. "మీ వదినకి చెప్పకురా. కంపెనీలో అసలే వద్దు. ఇంకా టెస్ట్ రన్‌లోనే ఉన్నాను."

నాన్న అన్నది ఇది. "నాకు చెప్పాలా అన్నయ్యా? ఆ మాట నాకు నేర్పింది ఎవరు?"

ఇది నాకు చాలా తర్వాత తెలిసింది. పెదనాన్నే చెప్పాడు. నాన్న కాదనలేదు.

ఆ తర్వాత షాకు రాలేదు. నెల గడిచింది, ఇంకో నెల గడిచింది, ఎండలు పోయి వానలు వచ్చాయి. ఆసుపత్రిలో పరీక్ష చేసినప్పుడల్లా పెట్టె ఊరికే కూర్చుందనే చెప్పారు. పెదనాన్న మొదట వీధి చివరిదాకా, తర్వాత మార్కెట్ దాకా నడిచాడు. మనిషి ముఖంలో రంగు తిరిగింది. ఒకరోజు నేను వెళ్లేసరికి తలుపు గడియకి గ్రీజు రాస్తున్నాడు. ఇంట్లో తలుపులన్నీ చప్పుడు లేకుండా తెరుచుకుంటున్నాయి. "దొంగలకి ఎంత సుఖమో" అని పెద్దమ్మ గొణుక్కుంటోంది. చివరికి డాక్టరమ్మ ఒప్పుకుంది. వెల్డింగు దగ్గరికి పోకూడదు, ఒంటరిగా పని చేయకూడదు, సంగతి తెలిసిన జత ఉంటే పనికి వెళ్లొచ్చు.

కంపెనీకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సూపర్‌వైజర్ లేచి నిలబడి కరచాలనం చేశాడు, కూర్చోమన్నాడు, టీ చెప్పాడు. అంత మర్యాద చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"మీరు బాగున్నారు, సంతోషం" అన్నాడు. "కానీ తొందరపడొద్దండీ."

"తొందరేం లేదు సార్. డాక్టరు ఒప్పుకుంది. జతకి మా తోడల్లుడు ఉన్నాడు."

సూపర్‌వైజర్ నా వైపు చూసి, మళ్లీ ఆయన వైపు చూశాడు. "రేడియేషన్ తర్వాత కూడా షాకు కొట్టిందటగా? డాబా మీద పడిపోయారట."

పెదనాన్న టీ కప్పు అందుకున్నాడు.

"మీ తోడల్లుడే చెప్పాడు. జతగా ఉండటం తన వల్ల కాదన్నాడు. తప్పులేదండీ, ప్రాణం విషయం. పైగా మీ వాడు బాగా చేస్తున్నాడు" అంటూ నన్ను చూపించాడు. "వచ్చే నెల నుంచి పర్మనెంట్ చేస్తున్నాం. చోటు మీ ఇంట్లోనే ఉందిగా, ఎటూ పోలేదు."

ఎప్పుడు చెప్పాడని అడిగాను నేను. ఎండాకాలంలోనే అన్నాడు. అంటే డాబా మీది షాకు తర్వాత ఎన్నో రోజులు కాలేదు. అంటే ఆ తర్వాత గడిచిన నెలలన్నీ పెదనాన్న వీధి చివరిదాకా, మార్కెట్ దాకా నడిచి కొలుచుకుంటుంటే, నాన్న ప్రతి ఆదివారం వాళ్లింటికి వెళ్లి, "ఇంకెంత అన్నయ్యా, వచ్చేస్తావు" అంటూ కూర్చున్నాడు. నేను కాచి పెడుతున్నాననుకున్న చోటు అప్పటికే నా పేరు మీద పడి ఉంది.

పెదనాన్న టీ పూర్తిగా తాగాడు. కప్పు బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. బయటికొచ్చాక, "ఆ సంగతి ఆసుపత్రి వాళ్లకి, మీ నాన్నకి తప్ప ఎవరికీ తెలీదురా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఎక్కడో లెక్క తప్పిందేమో, ఇంకెవరైనా చూశారేమోనని దారంతా ఆలోచిస్తూ వచ్చాడు. "ఎదురు డాబా మీద బట్టలారేస్తున్న అమ్మాయి ఉందా ఆ రోజు?" అని మధ్యలో ఒకసారి పైకే అనుకున్నాడు. నాకు ఆయన మీదే కోపం వచ్చింది.

మా ఇంటికి తిన్నగా వచ్చాం. నాన్న చెప్పులు విప్పుతున్నాడు, అమ్మ బియ్యం కడుగుతోంది. పెదనాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు.

"షాకు సంగతి నువ్వే చెప్పావా తమ్ముడూ?"

నాన్న ఒక చెప్పుతోనే నిలబడిపోయాడు. "లోపలికి రా అన్నయ్యా."

"చెప్పావా?"

"నాకూ ప్రాణం ఉంది అన్నయ్యా. ఆ రోజు ఆ కంతలోంచి ఎన్నిసార్లు పిలిచానో నీకు తెలుసా? నువ్వు పలకలేదు. నా చెయ్యి స్విచ్చు మీదే ఉంది. ఒక్క వేలు కదిలితే నిన్ను చంపినవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి. మళ్లీ అక్కడ నిలబడమంటే నా వల్ల కాదు."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? ఆసుపత్రిలో మంచం మీద ఉన్నావు."

"ఆసుపత్రి నుంచి వచ్చి ఎన్నాళ్లయింది? ప్రతి ఆదివారం వచ్చావు. నా ఎదురుగా కూర్చున్నావు." పెదనాన్న గొంతు పెరగలేదు. "భయమేస్తోందను, ఒప్పుకుంటాను. కొడుక్కి ఉద్యోగం కావాలను, అదీ ఒప్పుకుంటాను, వాడు నాకు మాత్రం పరాయివాడా? ఆ రెండూ అనకుండా, నా షాకు తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టావు. అప్పటికి లిఫ్టు ఇంకా అప్పగించలేదు కదరా."

అక్కడ అమ్మ అందుకుంది. బియ్యం గిన్నె కింద పెట్టి, తడి చేతులతోనే వచ్చింది. "కొడుక్కి ఉద్యోగం తెచ్చానని నా ముందు మీసం తిప్పారు! ఎక్కణ్ణుంచి తెచ్చారూ? మా బావ కాళ్ల కింద నుంచి లాక్కొచ్చారా? రేపు మా అక్క ఎదురుపడితే నేను ముఖం ఎక్కడ పెట్టుకోనండీ?"

"నీకు తెలీదు, ఊరుకో..."

"నాకు తెలీకుండా చేసినవేగా అన్నీ!"

నేను ఆ ఉద్యోగం వద్దన్నాను. నాన్న నా చెంప మీద కొట్టాడు. నేను పెద్దవాణ్ణయ్యాక అదే మొదటిసారి. పెదనాన్న, "వాణ్ణెందుకు కొడతావు?" అని ఒక్క మాట అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అమ్మ ఆ వారమంతా నాన్నతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం గోడలతో చెప్పేది. ఆ బాధ పడలేకో, నిజంగానే సిగ్గు వేసో, నాన్న సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాడు. ఆ షాకు లెక్కలోకి రాదని, తను భయంతో అన్నానని, జతగా ఉంటానని చెప్పాడు. డాక్టరమ్మ కూడా ఫోనులో అదే చెప్పింది. సూపర్‌వైజర్ విసుక్కుని, సరే, ఒకరోజు చేసి చూపించమన్నాడు. నన్ను నెలాఖరు దాకా ఉండి పొమ్మన్నాడు.

కబురు నేనే తీసుకెళ్లాను. పెదనాన్న విని, "సరే" అన్నాడు. పెద్దమ్మ మాత్రం, "ఏ ముఖం పెట్టుకుని పిలిచాడో" అంది. ఆయన టార్చిలో సెల్లులు మారుస్తూ, "ముఖంతో పనేముందే, వాడుండేది పైన, వినబడేది గొంతే" అన్నాడు. మనసులోది తీసి పక్కన పెట్టేశాడనే నేను అనుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నాడేమో.

భవనం పాతదే, నాలుగంతస్తులు. మధ్య అంతస్తులో లిఫ్టు తలుపు దగ్గర ఎవరూ రాకుండా కాపలా ఉండటం నా పని. నాన్న మోటారు గదిలోకి వెళ్లాడు. పెదనాన్న తాళంతో తలుపు తెరిచాడు. క్యాబిన్ నెత్తి సరిగ్గా మా పాదాల మట్టానికి ఉంది, నల్లటి గ్రీజు, తాళ్లు. ఒక్క అడుగు వేస్తే చాలు. తన పనికాలమంతా ఆలోచన లేకుండా వేసిన అడుగు.

పైనుంచి నాన్న గొంతు వచ్చింది. "మెయిన్ తీశాను అన్నయ్యా. ఎక్కు."

పెదనాన్న ఒక చెయ్యి తలుపు అంచున వేసి నిలబడ్డాడు.

"తీశావా?" అని కేకేశాడు.

"తీశాను."

ఆయన లోపలికి వంగి టార్చి వేసి పైకి చూశాడు. ఏం కనబడుతుంది? తాళ్లు కనబడతాయి, చీకటి కనబడుతుంది. మోటారు గదిలో మనిషి కనబడడు. అది ఎప్పుడూ అంతే.

"తీశావా?"

"తీశానన్నానుగా అన్నయ్యా! ఎక్కు."

ఆయన వెనక్కి జరిగాడు. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించుకున్నాడు. ఆసుపత్రిలో నేర్చుకున్న అలవాటు. కాసేపు అలాగే ఉండి, నా వైపు చెయ్యి చాచాడు. "చూడరా."

చూశాను. నాడి నెమ్మదిగా, ఒకే తీరుగా కొట్టుకుంటోంది. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆ కిరణాలు ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ల పని వాళ్లు చక్కగా చేశారు.

"బాగుంది పెదనాన్నా" అన్నాను.

"బాగుంది కదూ" అన్నాడు. మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లాడు. కుడికాలు ఎత్తి, గాల్లో ఉంచి, మళ్లీ నేల మీదే పెట్టాడు. మెడ మీద చెమట కనబడింది. పైనుంచి నాన్న పిలుస్తూనే ఉన్నాడు. "అన్నయ్యా? ఎక్కావా? పలుకు అన్నయ్యా!"

పెదనాన్న పలకలేదు. తలుపు మూశాడు, తాళం వేశాడు, లాగి చూశాడు. టార్చి ఆర్పి సంచిలో పెట్టాడు.

మెట్ల మీద పరుగు వినబడింది. నాన్న రొప్పుతూ దిగివచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఏమైంది? గుండెలో ఏమన్నా అయ్యిందా? షాకా? కూర్చో అన్నయ్యా, కూర్చో. ఒరేయ్, నీళ్లు తీసుకురారా!" అంటూ ఆయన రెండు భుజాలూ పట్టుకున్నాడు. అవునంటే బాగుండునన్నట్టు ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

"గుండె కాదు" అన్నాడు పెదనాన్న.

భుజాల మీది చేతులు ఒక్కొక్కటే తీసేసి, సంచి అందుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.